తేనెలో బతికున్నవాడు

మా పిన్నికి ల్యాబులో పెట్టిన పేరు చుక్కలమ్మ. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పని చుక్కలు లెక్కపెట్టడం. తేనె సీసా వస్తుంది. పిన్ని అందులోంచి పది గ్రాములు తూచి, ఏ క్రిమీ మిగలకుండా కాచి చల్లార్చిన నీళ్ళలో కలుపుతుంది. ఆ నీళ్ళలోంచి ఒక బొట్టు తీసి, గుండ్రటి గాజు ప్లేటులో గడ్డకట్టిన జెల్లీ మీద పులుముతుంది. బాక్టీరియా కోసమైతే రెండు రోజులు, బూజూ ఈస్టూ కోసమైతే ఐదు రోజులు ఆ ప్లేట్లను వెచ్చటి గదిలో ఉంచుతుంది. తర్వాత చూస్తే చుక్కలు లేచి ఉంటాయి. కంటికి ఆనని ప్రాణి ఒక్కటి పడ్డ చోట, దాని పిల్లలూ వాటి పిల్లలూ లక్షల్లో కుప్పపడితే మనకు ఒక చుక్క కనిపిస్తుంది. పిన్ని వాటిని పెన్సిలు మొనతో ఒక్కొక్కటే లెక్కపెట్టి కాగితం మీద రాస్తుంది.

తేనెలో ఏదీ బతకదని నేనూ అందరిలాగే అనుకునేదాన్ని. చదువుకున్నవాళ్ళు కూడా అదే మాట అంటుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. తేనెలో పడ్డవాటిలో కొన్ని చస్తాయి, కొన్ని చావవు. చావనివి పెరగవు కూడా. పువ్వులోంచి వచ్చినవి, తేనెటీగ కడుపులోంచి వచ్చినవి, మట్టిలోంచి, గాలిలోంచి, తేనె తీసినవాడి చేతుల్లోంచి వచ్చినవి, అన్నీ ఆ తీపిలో ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాయి. ఏళ్ళు గడిచినా కూర్చునే ఉంటాయి. నీళ్ళు పోసి కాస్త తిండి పెడితే లేస్తాయి. "తేనె కొందర్ని చంపుతుంది, కొందర్ని కూర్చోబెడుతుందే," అనేది పిన్ని. ఆ మాట మొదటిసారి విన్నరోజు నేను టీలో తేనె వేసుకోలేదు.

నాది అదే ల్యాబులో ముందుగది ఉద్యోగం. సీసా రాగానే దాని మీద పేరూ ఊరూ ఉన్న చీటీ పీకేసి, వివరాలు రిజిస్టరులో ఎక్కించి, సీసాకి ఒక నెంబరు అంటిస్తాను. రిజిస్టరు నా సొరుగులో తాళం కింద ఉంటుంది. లెక్కపెట్టేవాళ్ళకి ఆ తేనె ఎవరిదో తెలియకూడదు. తెలిస్తే కళ్ళకి మొహమాటం వస్తుందని మా పెద్ద మేడమ్ అంటుంది. నన్ను ఈ ఉద్యోగంలో పెట్టించింది పిన్నే. అమ్మ పోయాక పెంచిందీ ఆవిడే. కాబట్టి ఆవిడ మీద విసుక్కునే హక్కు నాకు పూర్తిగా ఉందని నా నమ్మకం.

నెంబరు తప్ప ఏమీ తెలియకపోయినా, పిన్ని ప్లేటు చూసి ఆ తేనె పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసేది. ఎండిన గంజిలా ముడతలు పడి పాకిన తెల్లచుక్కలు కనిపిస్తే, "తేనెటీగల పెట్టెలు నేల మీదే పెట్టాడు, మట్టి ఎగిరి పడింది" అనేది. మీగడ బొట్లలాంటి ఈస్టు చుక్కలు గుంపుగా లేస్తే, "తొందరపడి తీశాడు, తేనె ఇంకా పలచగా ఉంది" అనేది. ఆకుపచ్చ బూజు లేస్తే, "తడిగుడ్డలో వడకట్టారు మహానుభావులు" అనేది. రిపోర్టు కోసం ఆ తేనె మనిషి వచ్చినప్పుడు నేను మాటల్లో పెట్టి ఆరా తీసేదాన్ని. పిన్ని చెప్పింది ఎప్పుడో తప్ప తప్పేది కాదు.

పిన్నికి పెళ్ళి కుదిర్చింది కూడా ఒక ప్లేటే. బాబాయి తేనెటీగల పెట్టెలు పెట్టుకుని, కాలికి బలపం కట్టుకున్నట్టు పూల వెంట తిరిగే మనిషి. ఒకసారి ఆయన తేనె పరీక్ష తప్పింది. తేనె మంచిదే, మీ కళ్ళే బాగాలేవని పోట్లాటకి వచ్చాడు. పిన్ని ప్లేటు తెచ్చి ముందు పెట్టింది. అందులో లేత గులాబీ రంగు చుక్కలున్నాయి. అంచులు మడతపడి, నడుమ చిన్న గుంటతో ఉన్నాయట. "ఇలాంటివి ఇంకెవరి తేనెలోనూ రాలేదండీ. ఇవి తేనెటీగలవి కాదు, మీవి. మీ చేతుల్లోంచి పడ్డాయి," అంది పిన్ని. ఆయన ప్లేటు ఎత్తి వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. "నా మురికి ఇంత అందంగా ఉంటుందని మా అమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదండీ," అన్నాడు. మూడు నెలలకి పెళ్ళయింది. ఆ తర్వాత ఆయన చేతులు ఎంత తోముకున్నా, ఆయన తేనెలో ఆ గులాబీ చుక్క ఒకటో రెండో వస్తూనే ఉండేది. పిన్ని దాన్ని మీ బాబాయి సంతకం అనేది.

పదకొండేళ్ళ క్రితం ఆయన కనపడకుండా పోయాడు. పూలు ముందు కొండల మీద విరుస్తాయి, తర్వాత అడవి అంచుల్లో, ఆఖరికి మైదానంలో. పెట్టెలు కూడా లారీల్లో అదే వరసలో దిగి వస్తాయి. ఆ ఏడు బాబాయి కొండ ఎక్కాడు, దిగి రాలేదు. పెట్టెలు దింపడానికి వెళ్ళిన లారీ డ్రైవరుకి నలభై పెట్టెలూ వరసగా కనిపించాయి. తేనెటీగలు మామూలుగా తమ పని తాము చేసుకుంటున్నాయి. తేనెటీగలకి పొగ పెట్టే డబ్బా ఇంకా వెచ్చగానే ఉందని అతను చెప్పాడు. గుడారంలో బట్టలు, కంబళి, సగం తిన్న రొట్టె అన్నీ ఉన్నాయి. మనిషి లేడు. పోలీసులు లోయంతా జల్లెడ పట్టారు. చొక్కా గుండీ కూడా దొరకలేదు. సామాను మాత్రం మూటగట్టి పిన్నికి ఇచ్చారు.

బాబాయి తల్లి పిన్ని దగ్గరే ఉంటుంది. నాకు మామ్మ. ఎనభై నాలుగేళ్ళు. చూపు ఆనదు గానీ చెవులు మాత్రం పాము చెవులు. మామ్మకి కావలసింది ఒక్కటే. "బతికున్నాడంటే ఎదురుచూస్తాను, పోయాడంటే ఏడుస్తాను. రెంట్లో ఏదో ఒకటి చెప్పు. కొడుక్కి ఏడవకుండా నన్ను చావనివ్వకే కోడలా," అని వారానికోసారైనా అడిగేది. పిన్ని జవాబు చెప్పేది కాదు. ఆవిడ ముక్కుసూటి మనిషి. బతుకూ చూడలేదు, చావూ చూడలేదు, ఏమని చెబుతుంది? ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా ఎవరూ గట్టిగా ఏడవలేదు, గట్టిగా నవ్వనూ లేదు. అన్నం కూడా నెమ్మదిగా నమిలేవాళ్ళం. తాడో పేడో తేలిపోతే బాగుండునని నేను లోలోపల విసుక్కునేదాన్ని. ఆ విసుగుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఈ ఏడు మా ప్లేట్ల గదికి కొత్త ఏసీ పెట్టారు. దుమ్ము రాకుండా కిటికీలన్నీ బిగించేసి గదిని మంచుగడ్డ చేశారు. జెల్లీ వండే ఆవిడ ఉంది, గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంటుంది కాబట్టి మేం గంజి అక్క అంటాం. గంజి అక్క రెండు శాలువాలు కప్పుకుంది. పిన్ని ట్రంకు పెట్టెలోంచి బాబాయి పాత స్వెటరు తీసి తెల్లకోటు కింద తొడుక్కుంది. నేను మాత్రం ముందుగదిలో ఫ్యాను కూడా సరిగ్గా తిరగక చెమటలు కక్కుతూ, రోగమొస్తే బాగుండు, చల్లగదిలో పడుకోవచ్చు అనుకునేదాన్ని. సరిగ్గా ఆ వారంలోనే నూట నలభై రెండో నెంబరు సీసా వచ్చింది.

ఐదో రోజు పిన్ని నా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. పిలవలేదు. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు, నేనే తలెత్తి చూశాను. లేచి వెంట వెళ్ళాను. వెచ్చటి గది అంటే గది కూడా కాదు, నలుగురు పట్టే అర. లోపల సన్నటి హోరు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. తడిమట్టి వాసన, పులిసిన పిండి వాసన కలిసి ముక్కుకి తగులుతాయి. అరల నిండా బోర్లించిన ప్లేట్లు. ఆ గదిలో మనం తప్ప ఎవరూ లేకపోయినా, చాలామంది మన మాటలు వింటున్నట్టే ఉంటుంది. పిన్ని ఒక ప్లేటు తీసి నా చేతిలో పెట్టింది. తెల్లచుక్కల మధ్య రెండు గులాబీ చుక్కలు. అంచులు మడతపడి, నడుమ గుంటతో.

"ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పు," అంది పిన్ని.

"చెప్పకూడదు కదా."

"తెలుసు. చెప్పు."

ఇరవై ఆరేళ్ళలో ఆవిడ ఎన్నడూ అడగని మాట అది. నేను వెళ్ళి సొరుగు తాళం తీశాను. తప్పని తెలిసే తీశాను. నూట నలభై రెండు పక్కన రాసి ఉన్న ఊరు, బాబాయి పెట్టెలు దొరికిన కొండల వరసలోదే.  వెనక్కి వెళ్ళి పిన్నికి చెప్పాను. ప్లేటుని రెండు చేతులతో పట్టుకుని తిరిగి అరలో పెట్టింది, నిద్రపోతున్నవాళ్ళని లేపకూడదన్నట్టు.

పది రోజులకి ఇంకో సీసాలో గులాబీ చుక్కలు ఐదు. ఊరు చూశాను. కొండ కింద, అడవి మొదలయ్యే చోటు. ఇంకో పది రోజులకి అడవి ఇవతల. ఆ తర్వాత నది దగ్గర, నదికి మనవైపు. చుక్కలు ఏడు, పదకొండు, ఇరవై. పిన్ని ఒక పాత మ్యాపు తెచ్చి నా బల్ల మీద పరిచి పెన్సిలుతో గుర్తులు పెట్టింది. గుర్తులన్నీ కలిపి గీస్తే, కొండ మీదనుంచి తిన్నగా మా ఊరివైపు వచ్చే గీత.

"పూల వెంటే వస్తున్నారు. ఎప్పుడూ వచ్చే దారే," అంది పిన్ని.

"పూల వెంట అందరూ అదే దారిలో వస్తారు పిన్నీ. ఈ సీజన్లో మనకి సీసాలు వచ్చే వరసే అది."

"అందరూ వస్తారు. ఈ చుక్క అందరిదీ కాదుగా."

 ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా ల్యాబులో ప్రతి పరీక్షకీ ఒక ఖాళీ ప్లేటు పెడతారు. అందులో తేనె వెయ్యరు. ఊరికే మూత తీసి కాసేపు ఉంచి మూసేస్తారు. దాంట్లో కూడా చుక్కలు లేస్తే గదిలోనే మురికి ఉందని అర్థం, పరీక్ష కొట్టేస్తారు. ఇందులో మోసం జరగకూడదని మా పెద్ద మేడమ్ ఒక పద్ధతి పెట్టింది. తేనె పులిమేవాళ్ళు ఖాళీ ప్లేటు ముట్టుకోకూడదు. దాన్ని తలుపు దగ్గర తన బల్ల మీద గంజి అక్కే తెరవాలి. ఆ ఖాళీ ప్లేట్లన్నీ నేను చూశాను. అద్దంలా ఉన్నాయి, ఒక్క చుక్క లేదు.

ఇంట్లో మేమిద్దరం ఈ సంగతి ఎత్తలేదు. అయినా ఒక ఆదివారం పొద్దున వరండాలో కూర్చున్న మామ్మ, నేను కాఫీ ఇస్తుంటే నా మణికట్టు పట్టుకుంది.

"వాడు కొండ దిగాడే," అంది.

"ఎవరు చెప్పారు మామ్మా నీకు?"

"చెప్పేదేముంది. నెల్లాళ్ళ నుంచి వాసనొస్తోంది. పొగా మైనం కలిసిన వాసన, వాడి ఒంటి వాసన. సాయంత్రం పూట గుమ్మం దాకా వచ్చి నిలబడుతోంది. లోపలికి రమ్మని మీరెవరూ అనరు."

 కాఫీ ఒలికి మామ్మ చీర మీద పడితే, ఆవిడ కోప్పడలేదు కూడా. ఆ రోజునుంచి సాయంత్రం ఐదింటికి మామ్మ తల దువ్వించుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. పిన్ని ఆఫీసునుంచి వచ్చి మెట్లెక్కే వేళకి, మామ్మ మొహం అటు తిప్పి నవ్వేది. ఆ నవ్వు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు, చూడాలనీ లేదు.

నూట అరవై ఏడో నెంబరు సీసా మా బజారులోంచి వచ్చింది. మా ఇంటికి రెండు వీధుల అవతలి దుకాణం. ప్లేటులో గులాబీ చుక్కలు నలభై ఒకటి. పిన్నీ నేనూ ఒకపూట సెలవు పెట్టి వెళ్ళాం. దుకాణదారుకి ఆ తేనె తెచ్చే మనిషి పేరు తెలియదు.

"గురువారం గురువారం వస్తాడమ్మా. యాభై ఏళ్ళుంటాయి. మొహానికి తువ్వాలు చుట్టుకుని ఉంటాడు. ఉలుకూ పలుకూ ఉండదు, సీసాలు పెట్టేసి వెళ్ళిపోతాడు," అన్నాడు.

బాబాయికి ఉంటే యాభై రెండు.  గురువారం పొద్దున్నే మేం ఆ దుకాణంలో చక్కెర బస్తాల పక్కన స్టూళ్ళ మీద కూర్చున్నాం. పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుంది, దాని మీద అదే స్వెటరు. పదిన్నరకి తువ్వాలు చుట్టుకున్న మనిషి అట్టపెట్టె మోసుకుంటూ లోపలికి వచ్చాడు. అదే ఎత్తు, అదే వంగిన భుజాలు. పిన్ని లేచి నిలబడింది. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను. ఆ మనిషి పెట్టె దించి తువ్వాలు విప్పాడు. ఒక బుగ్గంతా వాచి ఉంది, పుప్పిపన్ను. ముక్కూ మొహం తెలియని మనిషి.

పాపం అతను మంచివాడే, పన్ను నొప్పిలో కూడా అడిగినవాటికి జవాబు చెప్పాడు. బట్టల కొట్టు మూసేసి రెండేళ్ళ క్రితమే ఈ పనిలోకి వచ్చాడట. పెట్టెలన్నీ కొత్తవి, చేయించినవి. కొండలవైపు ఎన్నడూ వెళ్ళలేదు. ఊరి చివర తోటలోనే ఉంటాడు.

"తేనె తియ్యడంలో ఎవరైనా సాయం చేస్తారా?" అంది పిన్ని.

"నాకెవరున్నారమ్మా. నేనొక్కణ్ణే."

"పాత సామాను ఎవరిదైనా కొన్నారా? కత్తి, జల్లెడ, ఏదైనా?"

"లేదమ్మా. గ్లోవులు కూడా కొత్తవే."

పిన్ని ఒక సీసా కొని ల్యాబుకి తీసుకెళ్ళి పరీక్ష పెట్టింది. ఐదో రోజు అందులో కూడా గులాబీ చుక్కలు లేచాయి, ముప్ఫై ఆరు. నేను భయపడ్డాను. నిజం చెప్పాలంటే, ఆ మనిషిలోకే బాబాయి దూరాడేమో అని కూడా ఒక క్షణం అనుకున్నాను. పిన్ని మాత్రం ప్లేటు ముందు కూర్చుని కదల్లేదు. ఆవిడ భయపడలేదు. అంతకంటే ఘోరమైనదేదో ఆవిడకి అర్థమవుతోంది. ఎప్పుడూ బాబాయి మొహం చూడని మనిషి, ఆయన వస్తువు ముట్టని మనిషి, ఆయన దారిలో నడవని మనిషి. అతని తేనెలో ఈ చుక్క ఉండడానికి వీల్లేదు. ఉందంటే తేనెతో రాలేదు.

"ఇక్కణ్ణుంచే పడుతోందే," అంది పిన్ని.

"ఖాళీ ప్లేట్లు శుభ్రంగా ఉన్నాయిగా."

"అవి తలుపు దగ్గర తెరుస్తుంది గంజి అక్క. నా బల్ల మీద కాదు. నా చేతి కింద కాదు."

మోసం జరగకూడదని పెట్టిన పద్ధతే కంచె చేను మేసినట్టు చేసింది. పిన్ని మూడు కొత్త ప్లేట్లు తెచ్చుకుంది. స్పిరిటుతో కడుక్కున్న వేళ్ళు ఒకదాంట్లో అద్దింది. ఒకటి తన బల్ల మీదే ఖాళీగా తెరిచి మూసింది. మూడోది ముందు పెట్టుకుంది. తర్వాత తెల్లకోటు చేతుల్లోంచి బయటికి వచ్చి ఉన్న స్వెటరు అంచుని, మణికట్టు దగ్గర బిరుసుగా ఉన్న ఊలుని, జెల్లీకి ఆనించి మెల్లగా నొక్కింది. పులిమేటప్పుడు ప్లేట్ల మీద రాసుకుంటూ తిరిగిన అంచు అదే. బాబాయి కనపడకుండా పోయాక గుడారంలోంచి వచ్చిన ఆ స్వెటరుని, వాసన పోతుందని పిన్ని ఒక్కసారి కూడా ఉతకలేదు.

ఆ ఐదు రోజులూ పిన్ని స్వెటరు తొడుక్కోవడం మానలేదు, ప్లేట్ల పని మాత్రం పక్క బల్లావిడకి ఇచ్చేసి, నా గదిలోకి వచ్చి కూర్చునేది. ఏ ప్లేటు ఎలా రావాలని ఆవిడ కోరుకుంటోందో నేను అడగలేదు. వేళ్ళ ప్లేటూ ఊలు ప్లేటూ రెండూ శుభ్రంగా ఉంటే బాబాయి ఎక్కడో ఉన్నట్టే. ఊలులోంచి లేస్తే లేనట్టే, కనీసం ఇన్నాళ్ళుగా మేం వెయ్యి కళ్ళతో ఎదురుచూసినవాడు లేనట్టే. అంత పెద్ద సంగతి అరచెయ్యంత గాజులో ఉడుకుతోంది.

ఐదో రోజు ఇద్దరం వెచ్చటి గదిలోకి వెళ్ళాం. వేళ్ళు అద్దిన ప్లేటులో ఏమీ లేదు. ఖాళీ ప్లేటులో ఏమీ లేదు. మూడోదాని మూత తీయగానే నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ప్లేటంతా గులాబీ రంగు. విడివిడి చుక్కలు కాదు, ఊలు అల్లిక ఎలా ఉందో అలాగే, కుట్టు పక్కన కుట్టు, వరస కింద వరస, గులాబీ రంగులో లేచి నిలబడింది. మణికట్టు ఎముక ఆనిన చోట వంపు కూడా తెలుస్తోంది. ఎవరో లోపలినుంచి అద్దానికి చెయ్యి ఆనించినట్టుంది. పిన్ని దాన్ని వాసన చూసింది. మూత పెట్టింది.

"ఇన్నాళ్ళూ ఒంటి మీదే ఉన్నారు," అంది. 

పెద్ద మేడమ్‌కి పిన్నే చెప్పింది. నా రిజిస్టరు సంగతి కూడా దాచలేదు, "అడిగింది నేను, ఆ పిల్లకి శిక్ష పడకూడదు," అంది. మేడమ్ అగ్గి మీద గుగ్గిలమైంది, మాకు అంతా దక్కాల్సిందే. ఈస్టు ఎక్కువని రాసి తిప్పి పంపిన తొమ్మిది తేనెల రిపోర్టులు వెనక్కి తెప్పించి మళ్ళీ పరీక్ష చేయించింది. తొమ్మిదీ మంచివే. చివర్లో ఆవిడ కాస్త చల్లబడి ప్లేటు చూసింది. "ఇలాంటి గులాబీ ఈస్టులు బాత్రూం తెరల మీద కూడా ఉంటాయమ్మా. ఇదేం ప్రత్యేకం కాదు," అంది. ఓదార్పుగానే అందేమో. ఆ మాటకి నేను ఆవిణ్ణి ఇప్పటికీ క్షమించలేదు.

ఆ స్వెటరు ల్యాబులో అడుగు పెట్టకూడదని, ఇంట్లో ఉన్నా కాల్చెయ్యాలని మేడమ్ ఆర్డరు. కాల్చను, ఉడికిస్తాను అంది పిన్ని. మా దగ్గర ఆటోక్లేవ్ అని పీపా అంత ప్రెషర్ కుక్కర్ ఉంది. వాడేసిన ప్లేట్లన్నీ అందులో పెట్టి ఆవిరితో చంపేస్తాం. మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి పిన్ని స్వెటరు మడిచి, గులాబీ ప్లేట్లన్నీ దాని పక్కన పేర్చి, మూత బిగించింది. నేను చేస్తాను, నువ్వు బయట కూర్చో అంటే వినలేదు. ముల్లు పైకెక్కి నిలబడ్డ దగ్గర్నుంచి పావుగంట. ఆ పావుగంటా పిన్ని ఆ వేడి పీపా మీద చెయ్యి ఆనీ ఆనకుండా పెట్టి నిలబడింది. లోపల ఆవిరి బుసకొడుతుంటే ఎవరో మూసిన గదిలోంచి మాట్లాడబోతున్నట్టు వినిపించింది. నేను చెవులు మూసుకున్నాను. తీసి చూస్తే స్వెటరు కుంచించుకుపోయి, పదేళ్ళ పిల్లాడిదంత అయింది.

దాని అంచుని మళ్ళీ మూడు ప్లేట్లకి అద్ది ఐదు రోజులు చూశారు. ఏమీ లేవలేదు. ఇంట్లో మామ్మ కూడా ఆ వారమంతా సాయంత్రాలు తల దువ్వించుకోలేదు. పిన్ని మెట్లెక్కి వస్తే మొహం తిప్పేది కాదు. వాసన రావడం లేదని నాతో అనలేదు, నేనూ అడగలేదు.

సోమవారం సాయంత్రం పిన్ని వెళ్ళి మామ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. నేను గుమ్మంలో ఉన్నాను. పదకొండేళ్ళుగా ఆవిడ నోటివెంట రాని మాట వస్తుందని తెలిసింది.

"అత్తయ్యా, మీ అబ్బాయి పోయారు," అంది పిన్ని.

 "ఎప్పుడే?" అంది మామ్మ.

పదకొండేళ్ళ క్రితం తేదీ నా నాలుక చివర ఉంది. పిన్ని ఆ తేదీ చెప్పలేదు.

"మంగళవారం అత్తయ్యా. మధ్యాహ్నం."

"మొన్న మంగళవారమా?"

"అవును."

"ఒంటరిగా ఉన్నాడా?"

"లేదు. నేను పక్కనే ఉన్నాను."

"బాధపడ్డాడా తల్లీ?"

"పావుగంటలో అయిపోయింది."

మామ్మ తడుముకుంటూ పిన్ని తల పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది. ఆ తర్వాత వచ్చిన ఏడుపు ఒక మనిషిది కాదు, పదకొండేళ్ళది. ఇద్దరూ కలిసి ఏడుస్తుంటే వీధి చివరి దాకా వినిపించింది. పక్కింటావిడ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకుంటూ వచ్చి, ఎవరు పోయారమ్మా అని నన్ను అడిగింది. మా బాబాయి అన్నాను. అయ్యో, ఎప్పుడు అంది. అబద్ధమంటే మండిపడే మనిషిని నేను. మంగళవారమని చెప్పాను.